అన్నకు భయం లేదు

ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో, షేర్ ఆటో ఉప్పుగూడ నుంచి చార్మినార్ వైపు కుదుపుల్లో పోతూ ఉండగా, బేబీ ఒళ్లోని ఫోన్ ఒకసారి బుర్రుమంటుంది. తీసి చూడకపోయినా అదేమిటో ఆమెకు తెలుసు. అయినా తీసి చూస్తుంది. "నమస్తే వెస్లీ! నీ స్వభావమునకు తగిన కొత్త ఉద్యోగములు ఈ వారము నాలుగు కలవు."

వెస్లీ బేబీకి అన్న. చనిపోయి మూడేళ్లయింది. ఆ సంగతి ఆ మెసేజీ పంపే ఉద్యోగాల వెబ్‌సైటుకు ఎవరూ చెప్పలేదు. చెబుదామన్నా వినే మనిషి అటువైపు ఎవరూ లేరు. అందుకే అది ఏ వారమూ తప్పకుండా, పోయినవాడికి ఉద్యోగాలు వెతికి పెడుతూనే ఉంది. పెద్ద మేడలకు అద్దాలు తుడిచే పని, హోర్డింగులు కట్టే పని, టవర్ల మీద యాంటెన్నాలు బిగించే పని. అన్నీ ఎత్తు మీద చేసేవే. బేబీ ఒక్కొక్కటీ చివరిదాకా చదివి ఫోన్‌ను మళ్లీ పర్సులో పెట్టుకుంటుంది.

ఫోన్ వెస్లీదే, నంబరూ వెస్లీదే. గ్యాస్ బుకింగు, అమ్మ పింఛను మెసేజీ, కరెంటు బిల్లు అన్నీ ఆ నంబరుకే వస్తాయి కాబట్టి మార్చలేదు. ఆ మెయిల్‌ను ఆపడం మాత్రం పెద్ద పని కాదు. అడుగున చిన్న అక్షరాల్లో "ఇకపై వలదు" అని ఒక బొత్తాం ఉంటుంది. ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. మూడేళ్లుగా బేబీ ఆ నొక్కు నొక్కలేదు. అన్న పేరుతో ఉన్న తెర మీద ఆమె వేలు ఒకసారి నొక్కింది, అది చాలు. ఎందుకు చాలో తెలియాలంటే ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి.

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో రెండు గదుల అద్దె ఇల్లు. తండ్రి ప్రకాశం రైల్వేలో పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించే పని చేసి, రిటైరైన రెండేళ్లకే చక్కెర జబ్బుతో పోయాడు. తల్లి ఆగమ్మ. పెద్దవాడికి పాస్టరుగారే వెస్లీ అని పేరు పెట్టారు. మూడేళ్ల తర్వాత పుట్టిన ఆడపిల్లకు మాత్రం రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అంటూ జరుపుకుంటూ వచ్చారు. బడిలో వేసిన రోజు పంతులమ్మ పాప పేరేమిటని అడిగితే ప్రకాశం బుర్ర గోక్కుని "ఇంట్ల బేబీ అంటమమ్మా" అన్నాడు. ఆవిడ అదే రాసుకుంది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు, ఆధార్ కార్డులో ఇంకా బేబీయే.

ఆ ఇంట్లో ఆగమ్మ పెట్టిన కట్టడి ఒకటి ఉంది. ఎవరి గురించి వాళ్లు మంచి చెప్పుకోకూడదు. "నాకు లెక్కలు బాగొచ్చు", "నాకు ధైర్యమెక్కువ" లాంటి మాట పిల్లల నోట వచ్చిందంటే గరిటె లేచేది. దేవునికి ఇష్టముండదని ఒక పక్క, దిష్టి తగులుతుందని ఇంకో పక్క. రెండూ ఒకే నోటితో చెప్పడంలో ఆమెకు ఇబ్బందేమీ కనిపించేది కాదు. ప్రార్థన కూటంలో కూడా ఆమె తన సాక్ష్యం తాను చెప్పుకోదు. పక్కింటి సుశీల లేచి ఆగమ్మ గురించి చెబుతుంది, తర్వాత ఆగమ్మ లేచి సుశీల గురించి చెబుతుంది. ఫారాల సంగతీ అంతే. ప్రకాశానికి సంతకం తప్ప రాయడం రాదు కాబట్టి ఆయన సెలవు చీటీలు వెస్లీ రాసేవాడు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని వెస్లీ పరీక్ష ఫీజు ఫారాలు బేబీ నింపేది. ఎవరి ఫారం వాళ్లు నింపుకున్న రోజు ఆ ఇంట్లో లేదు. దాని వల్ల అప్పటిదాకా ఎవరికీ నష్టం జరగలేదు.

వెస్లీ డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే నిజంగా ఖాళీ కాదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడెక్కడో ఇంటర్వ్యూలకు పోయి, మధ్యాహ్నానికి చొక్కా తడిసి తిరిగొచ్చేవాడు. ఎవరో చెప్పారట, ఇప్పుడు కంపెనీలు సర్టిఫికెట్లు చూడటం లేదు, మనస్తత్వం చూస్తున్నాయి అని. ఆన్‌లైన్‌లో ఉచితంగా పరీక్ష రాస్తే మనమెలాంటి మనుషులమో, ఏ పనికి పనికొస్తామో అదే తేల్చి చెబుతుందని. ఎనభై ప్రశ్నలతో మనిషి లోపల ఏముందో తేల్చేస్తానంటే కన్నతల్లికైనా నవ్వొస్తుంది. కానీ రెండేళ్లు తిరిగి తిరిగి అరిగిపోయినవాడికి నవ్వు రాలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, మంచం మీద కూర్చుని ఫోన్ చెల్లెలి చేతికిచ్చాడు. "నా గురించి నేనెట్ల చెప్పుకుంటనే? అమ్మ ఇన్నదంటే సంపుతది. నువ్వు నొక్కు, నేను కూసుంట" అన్నాడు నవ్వుతూ. ఆమె మంచం కింద చాప మీద కూర్చుంది. అతను ఆమె ఎడమ భుజం మీదుగా వంగి తెరలోకి చూస్తూ ఉన్నాడు.

ఆ ప్రశ్నల తెలుగు చూస్తే రాసినవాడు తెలుగు మనిషిని ఎన్నడూ చూసి ఉండడని తెలిసిపోతుంది. "నేను నూతన పరిస్థితులయందు ఉత్సాహము పొందుదును" అట. ప్రతి దానికింద ఐదు గుండ్రాలు. ఈ చివర "పూర్తిగా ఒప్పుకొందును", ఆ చివర "ఎంతమాత్రము ఒప్పుకొనను". ఇద్దరూ పగలబడి నవ్వుకుంటూ నింపారు. బేబీ తనకు తెలిసిన అన్నను ఉన్నదున్నట్టు నొక్కింది. నిదానస్థుడు, పదిమందితో కలిసేవాడు, ఎవరినీ నొప్పించనివాడు, సాహసాల జోలికి పోనివాడు. ఫలితం వచ్చింది: పుస్తకముల నిర్వహణ, దస్త్రముల సంరక్షణ, వస్త్రములు కుట్టుట.

వెస్లీ నవ్వు ఆగిపోయింది. "గివన్ని ఎవడిస్తడే మనకు? మన దిక్కు లైబ్రరీకి తాళమేసి పదేండ్లాయె" అన్నాడు. అన్న ముఖం అలా ఉండటం బేబీ చూడలేకపోయింది. రెండు రోజుల తర్వాత అతనే మళ్లీ ఫోన్ తెచ్చి ఇచ్చాడు. "ఇంకోపారి కొట్టు. ఈపారి జర మంచిగ కొట్టు."

ఆమె మంచిగానే కొట్టింది. పిల్లకు తల దువ్వి పౌడరు రాసినట్టు ప్రతి జవాబునూ ఒక గుండ్రం పక్కకు జరిపింది. ముప్పై ఏడో ప్రశ్న వచ్చింది. "ఎత్తైన ప్రదేశములలో నాకు భయము కలుగును."

ఇంటి మీది నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూడాలంటే ఇనుప నిచ్చెన ఎక్కాలి. చిన్నప్పటి నుంచి ఎక్కేది బేబీయే. వెస్లీ కింద నిచ్చెన పట్టుకుని, పైకి చూడకుండా, నేల వైపు చూస్తూ "ఉన్నయా? ఉన్నయా నీళ్లు?" అని అడుగుతూ ఉండేవాడు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ ఎగతాళి చేయలేదు.

బేబీ వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత "ఎంతమాత్రము ఒప్పుకొనను" మీద పడింది.

"అరె, నాకు భయం లేదా?" అన్నాడు వెస్లీ ఆమె చెవి పక్కనే, ఆశ్చర్యంగా.

"లేదన్నా" అంది బేబీ.

అతను నవ్వాడు. నమ్మాలని ఉన్నవాడి నవ్వు అది. ఇప్పటికీ ఆమెకు ఎడమ చెవిలో వినబడుతుంది.

ఈసారి పరీక్ష అతన్ని సాహసి అంది. పదిహేను రోజుల్లో, ఆ జవాబులు చూసిన ఒక కాంట్రాక్టు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సెల్ టవర్లు ఎక్కి యాంటెన్నాలు బిగించే పని. ఆగమ్మ చర్చిలో సుశీల చేత కృతజ్ఞత చెప్పించింది. వెస్లీ ఎనిమిది నెలలు ఆ పని చేశాడు. పైనుంచి ఫోటోలు పంపేవాడు. దూరంగా మసకగా మేడలు, ఆకాశం, ఎండ. బేబీ వాటిని లాడ్ బజార్‌లో తాను పనిచేసే గాజుల దుకాణంలో అందరికీ చూపించేది. ఒక్క ఫోటోలో కూడా నేల లేదని ఆమె తర్వాత గమనించింది. అతను ఒక్కసారీ కిందికి చూడలేదు.

ఊరి బయట ఒక టవర్ మీద, మధ్యాహ్నం పూట, బెల్టు కొక్కెం తీసి పై కమ్మీకి మార్చుకోబోతూ అలాగే ఆగిపోయాడట. కిందనుంచి ఎంత పిలిచినా పలకలేదట. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడని తోటివాళ్లు చెప్పారు. తర్వాత పడిపోయాడు.

సమాధి చేసిన పదో రోజున కంపెనీ మనిషి బాబురావు ఒక ఫైలు పట్టుకుని ఇంటికొచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, కుర్చీలో కూర్చోవడానికి కూడా మొహమాటపడ్డాడు. ఇన్సూరెన్సు కాగితాల మీద వేలిముద్ర వేయించుకుని, అడుగున ఉన్న ఇంకో కాగితం బయటికి తీశాడు. "మా దిక్కు నుంచి తప్పేం లేదమ్మా. పనిల పెట్టుకునేటప్పుడు అన్ని చూసినం. ఇగో, భయం లేదని పిలగాడే ఇచ్చిండు. ముప్పై ఏడో ప్రశ్న, చూడుండ్రి" అని దాని మీద వేలు పెట్టాడు.

ఆగమ్మకు చదువు రాదు. కూతురి వైపు తిరిగింది. "ఏమున్నదే అండ్ల?"

బేబీ ఆ గుండ్రాన్ని చూసింది. తాను నల్లగా చేసిన గుండ్రం. "అన్నకు భయం లేదని ఉన్నదమ్మా" అంది.

ఆగమ్మ తలూపింది. బాబురావు కాగితం మడిచి ఫైలులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజున నోరు తెరవని మనిషి తర్వాత ఏ రోజున తెరుస్తుంది? చెప్పాలనుకున్న ప్రతి రోజూ తల్లి ముఖం చూసి రేపటికి వాయిదా వేసుకుంది.

అప్పటి నుంచి బేబీకి ఫారం అంటే చెమటలు. బ్యాంకు కాగితాలైనా, ఓటరు కార్డు కాగితాలైనా తీసుకెళ్లి దుకాణంలో తోటి పిల్ల కీర్తిప్రియ చేత నింపించుకునేది. గుండ్రాలున్న కాగితం కనబడితే చాలు, ఎడమ భుజం మీద ఎవరో వంగినట్టు వెచ్చగా ఊపిరి తగులుతుంది. పౌడరూ చెమటా కలిసిన వాసన వస్తుంది. "జర మంచిగ కొట్టు" అని వినబడుతుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. దుకాణంలో ఎడమ వైపు గోడ ఉండే మూలలోనే కూర్చునేది. ఆటోలోనూ ఎడమ చివరే. ఆ పక్కన ఎవరికీ చోటుండకూడదు. గోడకూ భుజానికీ మధ్య కూడా అతను పట్టేవాడు.

గాజుల పని మాత్రం ఆమెకు కొట్టిన పిండి. లక్క గాజుల మీద రాళ్లు అతికించడం దగ్గర మొదలుపెట్టి కౌంటరు దాకా వచ్చింది. బురఖాలో చేయి మణికట్టు దాకా కనిపిస్తే చాలు, "దో-చార్ బస్, బాజీ, దో-ఛే ఢీలా హోతా" అని గాజు కొలత చెప్పేసేది, రెండు-నాలుగు చాలు, రెండు-ఆరు వదులవుతుందని. పత్తర్‌గట్టి నుంచి చార్మినార్ దాకా జనం కిక్కిరిసే రంజాన్ నెలలో కూడా ఆమె గొంతు పెంచకుండా అమ్మేది. అలాంటి దుకాణం మూతబడుతుందని ఈ సంవత్సరం రంజాన్ మొదటి వారంలోనే తేలిపోయింది. సేటు ఆమెను పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు. "బేబీ బేటా, ఈద్ దాకనే. గా తర్వాత దుకాన్ బంద్. బచ్చేలు ఆన్‌లైన్‌ల అమ్ముకుంటరంట. నేను నీకు తక్కువ చెయ్యలే, నువ్వు గూడ నాకు చెయ్యలే."

కీర్తిప్రియ అప్పటికే ఏడాది ముందు మానేసి ఒక పెద్ద ఆసుపత్రిలో కౌంటరు దగ్గర చేరింది. అక్కడ రోగులకు దారి చూపించి, ఏ డాక్టరు ఎక్కడో చెప్పి, ఏడ్చేవాళ్లను కూర్చోబెట్టే మనుషులు కావాలట. బేబీ పేరు చెప్పి లింకు తెప్పించింది. లింకు పంపి ఫోన్ కూడా చేసింది.

"ముందుగాల ఆన్‌లైన్‌ల పరీక్ష రాయాలె. శనివారం అయిదు గంటలకు బంద్ అయితది. ఫికర్ చెయ్యకు, తప్పు ఒప్పు ఏం లేదండ్ల. మనమెట్లున్నమో గట్ల కొట్టుడే."

"నువ్వు కొట్టరాదే నాకు?"

"కాదే. కెమెరా ఉంటది. ముఖం చూస్తది. మాట అయితే ఇనది, పక్కపొంటి ఎవరన్న కూసోని చెప్పినా నడుస్తది. గని ముఖం నీదే ఉండాలె."

మనమెట్లున్నమో గట్ల. ఆ మాట చెప్పినంత తేలికగా నొక్కడానికి వస్తే బేబీ ఇన్నేళ్లు గోడకు ఒరిగి ఎందుకు కూర్చుంటుంది?

గురువారం మధ్యాహ్నం గిరాకీ లేని వేళ దుకాణం మూలలో లింకు తెరిచింది. మొదటి ప్రశ్న: "కొత్తవారితో నేను సులభముగా మాటలాడుదును." రోజుకు వందమంది కొత్తవాళ్లతో మాట్లాడే మనిషి. చంటిపిల్లైనా చెప్పగల జవాబు. వేలు తెర మీదికి పోయి, అర అంగుళం దూరంలో నిలబడిపోయింది. ఎడమ చెవిలో "అరె, నాకు భయం లేదా?" అని వినబడింది. అదే నవ్వు. బేబీ ఫోన్ బోర్లా పెట్టేసి, గాజుల పెట్టెల మీద దుమ్ము దులుపుతూ కూర్చుంది. శుక్రవారం అసలు తెరవనేలేదు. ఈద్ ఇంకా పది రోజులే ఉంది. ఈ పరీక్ష ఒక్కటి దాటకపోతే ఆమెకు పని లేదు. పని లేకుండా ఆ ఇంట్లో, ఆ ఫోన్‌తో, రోజంతా ఎలా కూర్చోవాలో ఆమెకు తెలియదు.

శనివారం ఒక పూట సెలవడిగి మూడు గంటలకు ఇంటికి చేరింది. చేసేదేమీ తోచక, ఆ ఇంట్లో ఎప్పుడూ చేసిన పనే చేసింది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి, దాని ఎదురుగా చాప మీద కూర్చుని "అమ్మా, నేను అడుగుత, నువ్వు చెప్పు" అంది. ఆగమ్మకు ఇందులో వింతేమీ లేదు. ఒకరి సంగతి ఇంకొకరు చెప్పడం ఆమె పెట్టిన కట్టడే కదా. కెమెరాకు కనబడకుండా పక్కన కూర్చుని వెల్లుల్లి పొట్టు తీయడం మొదలుపెట్టింది.

"కొత్తోళ్లతోని మాట్లాడుతనా నేను?"

"మాట్లాడవా? దినాం దుకాన్ల చేసేది గదే కద."

బేబీ నొక్కింది. నొక్కగలిగింది. తల్లి గొంతు కుడి వైపు నుంచి వస్తూ ఉంటే ఎడమ వైపు కొంచెం చల్లబడినట్టనిపించింది. వస్తువులు పద్ధతిగా పెట్టుకుంటానా, చెప్పిన పని వేళకు చేస్తానా, వరసగా ఆరు ప్రశ్నలు గడిచాయి. ఇంతే కదా, ఇంత దానికా భయపడ్డాను అనుకుంది.

"పదిమందిల ఉండుడు ఇష్టమేనా?"

"ఎందుకుండదు? మంది లేకుంటే ముద్ద దిగకపోతుండె. సందుల పోరగాండ్లందరు మనింట్లనే ఉందురు."

బేబీ కోసం ఆ ఇంటికి ఎన్నడూ ఎవరూ రాలేదు. ఆమె వేలు ఆగింది. అయినా తర్వాతది అడిగింది. "తొందరగ కోపమొస్తదా?"

"కోపమెక్కడిది. నేనెంత తిట్టినా నవ్వుకుంట పోతుండె."

"అమ్మా, నా గురించి చెప్పే."

"నీ గురించే కద చెప్తున్న" అంది ఆగమ్మ తలెత్తకుండా. ఆమె చేతుల్లో వెల్లుల్లి పొట్టు చిన్న చప్పుడుతో ఊడుతోంది.

ఇన్నాళ్లూ అన్న తన ఒక్కదాని దగ్గరే ఉన్నాడనుకుంది బేబీ. పట్టపగలు, తలుపు తెరిచి ఉన్న ఇంట్లో, అతను తల్లి నోట్లోంచి కూడా మాట్లాడుతున్నాడు. తెర మీద తర్వాతి ప్రశ్న వచ్చింది. ఏదో ఒకటి చదవాలి కాబట్టి చదివింది. "'పని నా శక్తికి మించినప్పుడు ఆ సంగతి ఇతరులకు చెప్పుదును.' నాతోని కాకుంటే కాదని చెప్తనా అని."

ఆగమ్మ చేతులు ఆగిపోయాయి.

"చెప్పిండు" అంది.

"ఎవరు?"

"గా పనిల చేరిన మొదటి వారమే. నువ్వు దుకానుకు పోయినవ్. గిదే గడప మీద కూసున్నడు. కాళ్లు గజగజ వణుకుతున్నయి. 'అమ్మా, నాతోని కాదే. పైకి పోతే కండ్లు తిరుగుతున్నయి' అన్నడు." ఆగమ్మ ఆ గడప వైపే చూస్తోంది. "నేనేమన్న తెలుసా? 'నీకు భయం లేదని చెల్లె రాసిందని నువ్వే చెప్తివి కద బిడ్డా. అది నీ గురించి ఉట్టిగ రాస్తదా?' అన్న. ఇగ ఏమనలే. లేసి చెప్పులేసుకోని పోయిండు. మల్ల ఎన్నడు ఆ ముచ్చట ఎత్తలే."

తాను నొక్కిన ఆ గుండ్రం కంపెనీ ఫైలులోకి మాత్రమే పోయిందనుకుంది బేబీ ఇన్నాళ్లూ. అది ఇంటికే తిరిగొచ్చి, భయమని చెప్పుకోవడానికి వచ్చిన అన్నను గడప దగ్గరి నుంచే వెనక్కి పంపింది.

"ఉట్టిగనే రాసిన అమ్మా" అంది. "భయమని నాకెరుకే. ట్యాంకు కాడ నిచ్చెన పట్టుకోని నిలబడేటోడు, ఎన్నడన్న ఎక్కిండా? ఎరికుండే రాసిన. వాని ముఖం చూడలేక రాసిన. బాబురావు వచ్చిన్నాడు గూడ చెప్పలే."

తల్లి తనను కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ఆగమ్మ కొట్టలేదు, ఏడవలేదు.

"నాకెరుకలేదా?" అంది. "కన్నదాన్ని. వాడు చిన్నగున్నప్పుడు భుజం మీద ఎత్తుకుంటెనే మెడ పట్టుకోని ఏడ్చేటోడు. నాకెరుక లేదా బిడ్డా? ఎరికుండి గూడ కండ్ల ముంగట వణుకుతున్న పిలగాన్ని ఇడిసిపెట్టి కాయితాన్ని నమ్మిన."

తర్వాత ఆమె లేచింది. ఒళ్లో ఉన్న వెల్లుల్లి రేకలన్నీ చాప మీద పడ్డాయి, ఏరుకోలేదు. గడప దాటి బయట మెట్టు మీద కూర్చుని, వీపు ఇటు తిప్పి, "నీది నువ్వే కొట్టుకో. నన్నడగకు. ఇగ ఎవ్వర్ని అడగకు" అంది. ఆ ఇంట్లో అలాంటి మాట వినబడటం అదే మొదటిసారి.

బేబీ రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఫోన్ టింగుమని మోగింది. "నీ ముఖము కనబడుటలేదు" అని తెర మీద ఎర్రటి అక్షరాలు. ఎంత ఏడుపులో ఉన్నా ఆ తెలుగు చూస్తే చిరాకే వస్తుంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని కెమెరాకు ఎదురుగా కూర్చుంది. నాలుగుంపావు దాటింది. వెనక్కి, వెనక్కి, వెనక్కి నొక్కుకుంటూ మొదటి ప్రశ్న దాకా పోయి, తల్లి చెప్పగా పెట్టిన జవాబులన్నీ తీసేసింది.

ఎడమ భుజం మీద ఊపిరి వచ్చింది. రాదనుకోలేదు కాబట్టి ఉలిక్కిపడలేదు. కానీ ఈసారి "మంచిగ కొట్టు" అనలేదు, నవ్వలేదు. "నాతోని కాదే" అంది ఆ గొంతు. తాను ఎన్నడూ వినని మాట, తనకు చెప్పాల్సిన మాట. ఇక మీదట వినబడేది ఇదేనని బేబీకి అర్థమైంది. సోమవారం ఆటోలోనూ ఇదే, దొరికితే ఆసుపత్రి కౌంటరు దగ్గరా ఇదే.

"ఇంటున్న అన్నా" అంది. పెదవులు కదలడం కెమెరా చూసే ఉంటుంది. చూడనీ.

ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. కొత్తవాళ్లతో మాట్లాడుతుంది, అది నిజం. పదిమందిలో ఉండటం ఇష్టం లేదు, అదీ నిజమే. ఉద్యోగమిచ్చేవాళ్లకు ఏది నచ్చుతుందో ఆలోచించలేదు. ఎత్తుల ప్రశ్న ఇందులో లేదు. నలభై దాటాక ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

"నాకు దగ్గరి వారి మేలు ఏదియో నాకు బాగుగా తెలియును."

బయట మెట్టు మీద తల్లి వీపు కదలడం లేదు. స్టేషన్ వైపు నుంచి రైలు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. బేబీ తెరను రెండోసారి చదివింది. ఎవరినీ అడగలేదు. కుడి చివరి గుండ్రం నొక్కింది: ఎంతమాత్రము ఒప్పుకొనను.